గాలికనుమ దాటిన మైలెద్దు

మంచు కొండల్లోంచి దూకిన ఏరు మొదటిసారి తీరిగ్గా పారే చోట ఒక పల్లె ఉంది. ఆ పల్లె చివరి కొట్టంలో మైలయ్య అనే ఎద్దూ, మెరుపు అనే గుర్రమూ ఉండేవాళ్లు. మైలయ్య నిదానస్తుడు. ఏ సంగతైనా ఒకటికి రెండుసార్లు నెమరేసి గానీ మింగడు. పరుగులో మెరుపును మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ మాట చెప్పుకోవడంలోనూ లేడు.

మైలయ్యకు ఒకప్పుడు జోడు ఉండేవాడు, పుల్లయ్య. ఇద్దరూ దూడలప్పటి నుంచి ఒకే కాడి కింద పెరిగారు. ఆసామి ట్రాక్టరు కొన్న ఏడాది, కొండల మీది నుంచి వచ్చిన బేరగాడికి పుల్లయ్యను అమ్మేశాడు. మైలయ్యకు అప్పట్లో మోకాలి దెబ్బ ఉండడంతో బేరగాడు వద్దన్నాడు. అలా ఒకడు పైకి వెళ్లాడు, ఒకడు కిందే ఉండిపోయాడు. తాడు పట్టి లాక్కుపోతుంటే పుల్లయ్య దారి మలుపు దాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత కబురు లేదు.

ఏటా ఎండలు ముదిరే వేళకు గాలికనుమ మీద మంచు కరిగి దారి తెరుచుకుంటుంది. అప్పుడు అవతలి బయలు నుంచి జడల బర్రెలు ఉప్పు బస్తాలు మోసుకుని పల్లెకు దిగుతాయి. వానలన్నీ ఇక్కడే గడిపి, చలి ముదరకముందే తిరిగి వెళ్లిపోతాయి. ఆ మందకు పెద్ద చమరమ్మ. నేలకు జీరాడే జుట్టు, ఎవరికీ జంకని చూపు, తక్కువ మాట.

ఆ ఏడు చమరమ్మ తొట్టి దగ్గర నీళ్లు తాగుతూ మైలయ్యను ఎగాదిగా చూసింది.

"నీ పేరు మైలయ్యేనా?"

"అవునక్కా. నీకెలా తెలుసు?"

"మా బయల్లో ఒక పుల్లెద్దు ఉన్నాడు. కిందికి దిగే ప్రతివాణ్నీ నిలేసి, ఏటి ఒడ్డు పల్లెలో మైలయ్య అని ఒకడున్నాడు, ఎలా ఉన్నాడో చూసి రండి అంటాడు."

మైలయ్య నోట్లో గడ్డి అలాగే ఉండిపోయింది. "బతికున్నాడా?"

"ఉన్నాడు. అక్కడ దుక్కి పని లేదు. మేస్తాడు, ఎండలో కూర్చుంటాడు. పళ్లు అరిగిపోయాయి. ఈ చలికాలం దాటతాడో లేదో నేను చెప్పలేను."

"నేనూ వస్తానక్కా నీతో."

"ఎప్పుడైనా కొండ ఎక్కావా?"

"పొలం గట్టు ఎక్కాను."

చమరమ్మ నవ్వలేదు. "అయితే ఇప్పుడు కాదు. మేం తిరిగి వెళ్లేలోపు తయారవు. చెప్పింది చెప్పినట్టు చేస్తానంటే నేర్పుతాను."

పక్కనే దాణా తింటున్న మెరుపు తలెత్తాడు. "నడవడం కూడా నేర్పాలా? నాలుగు కాళ్లూ ఉన్నాయి కదా! ఎద్దు మామ వెళ్లగలిగితే నేను వెళ్లలేనా? మామకంటే ముందు ఆ కనుమ మీద నేనే నిలబడతాను చూడు."

"నువ్వూ రా. రేపటి నుంచే మొదలు."

"రేపు నాకు పనుంది," అన్నాడు మెరుపు. ఆ మర్నాడూ పనే వచ్చింది అతనికి.

మైలయ్య మాత్రం వెళ్లాడు. ట్రాక్టరు వచ్చాక ఆ కొట్టంలో ఎవరినీ కట్టెయ్యడం లేదు కనుక అడిగేవాళ్లు లేరు. తెల్లారగానే ఊరి వెనక గుట్ట ఎక్కడం, దిగడం. మొదటి రోజు సగంలోనే నాలుక బయటికి వచ్చింది.

"ఆగు," అంది చమరమ్మ. "ఎందుకంత వేగం?"

మైలయ్యకు జవాబు చెప్పడానికి ఊపిరి ఆడలేదు.

"చూశావా? నడుస్తూ మాట్లాడలేకపోతున్నావంటే వేగం ఎక్కువైనట్టే. నాతో కబుర్లు చెప్పగలిగినంత నెమ్మదిగా నడువు. ఎవరు దాటి పోయినా పోనీ."

గుట్ట అలవాటయ్యాక వీపు మీద తడి ఇసుక మూట పెట్టించింది. మూట మోయడం అలవాటయ్యాక కొత్త లాడాలు వేయించుకోమంది. "ప్రయాణం రోజున వేయించుకుంటానక్కా, అరిగిపోకుండా ఉంటాయి," అన్నాడు మైలయ్య. "అప్పుడు వేయించుకుంటే కొండ మీద కుంటుతావు. ఏ పుండు పడాలన్నా ఇక్కడే పడాలి, ఇక్కడే మానాలి," అంది చమరమ్మ. నిజంగానే గిట్ట పక్కన ఒరుసుకుని పుండు పడింది. వానలు తగ్గేలోపు మానింది కూడా.

దిగడం ఎక్కడం కంటే కష్టమని మైలయ్యకు అప్పుడే తెలిసింది. పాత దెబ్బ తగిలిన మోకాలు దిగేటప్పుడే సలిపేది. అందుకని చమరమ్మ అతన్ని వాలులో వంకర టింకరగా, అడ్డంగా దిగడం నేర్పింది. దాహం వేయకముందే నీళ్లు తాగడం నేర్పింది. పొరుగు దొడ్లో గొర్రెను అడిగి ఒక ముతక గొంగళి ఇప్పించింది. ఉలవలు, బెల్లం మూటగట్టుకోమంది.

చివరికి ఒకరోజు, గుట్ట మీద నిలబడి తెల్లటి శిఖరాల వంక చూస్తూ చెప్పింది.

"ఇంతవరకూ కాళ్లకు నేర్పాను. ఇక తలకు. పైన గాలి పలచగా ఉంటుంది. కండ ఎంతున్నా ఆ గాలి ఒంటికి అలవాటు పడాలంటే రోజులు పట్టాలి. మజిలీకి చేరాక ఇంకాస్త పైకి నడిచి, తిరిగి కిందికి దిగి పడుకో. ఆకలి వేసి తృప్తిగా తినగలిగిన రోజే ముందుకు కదులు. తలనొప్పి వస్తే ఆగిపో. నొప్పి తగ్గకపోయినా, వాంతులైనా, కాళ్లు తడబడినా కిందికి దిగు."

"కాసేపు పడుకుంటే తగ్గదా?"

"అక్కడ పడుకున్నవాళ్లు కొందరు లేవలేదు. అలసట వేరు, ఇది వేరు. దీనికి మందు దిగడమే. నువ్వు పుల్లయ్యకు ఎంత దగ్గరగా ఉన్నా సరే, దిగాలి. మాటిస్తావా?"

మైలయ్య ఆ శిఖరాల వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "ఇస్తున్నానక్కా," అన్నాడు.

ఈ మాటలన్నీ పొదల చాటున ఒక నక్క వింటూనే ఉంది. అది కొండ సగంలో, చెట్లు ఆగిపోయే చోట బతికే నక్క. దానికి వేటాడే ఓపిక తక్కువ. కొత్తవాళ్లకు దారి చూపిస్తానని వెంటబెట్టుకుని పైకి పరిగెత్తించేది. పలచటి గాలిలో వాళ్లు కూలబడితే, పక్కనే కూర్చుని "పడుకో, తగ్గిపోతుంది" అని జోకొట్టేది. ఆ మీదట దానికి వారం పది రోజులు తిండికి లోటుండేది కాదు.

జడల బర్రెలు తిరుగు ప్రయాణం కట్టాయి. ఉప్పు దించి ధాన్యం ఎత్తుకున్న మంద ఆగి ఆగి నడవదు కనుక చమరమ్మ ముందు వెళ్లిపోయింది. "మామూలుగా ఒంటరిగా రమ్మనను. కానీ దారి పొడుగునా మావాళ్లు వెనకా ముందూ ఉంటారు. రాళ్ల కుప్పలు గుర్తు. దారి వదలకు," అని చెప్పి వెళ్లింది.

ఆ సాయంత్రమే నక్క కొట్టం గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఏం ఎద్దు మామా, ప్రయాణమట కదా! రాళ్ల కుప్పల దారా? అది ముసలి బర్రెల దారి. నాకు అడ్డదారి తెలుసు. మజిలీలు లేవు, ఆగడాలు లేవు. గాలికనుమ నేను లెక్కలేనన్నిసార్లు దాటాను."

"మంచిది బావా. నాకు తొందర లేదు."

"తొందర లేదా? అక్కడ మీ జోడు ఇవాళో రేపో అన్నట్టున్నాడట!"

మైలయ్య గుండెలో ముల్లు దిగింది. అయినా తల అడ్డంగా ఊపాడు. "తొందరపడి దారిలో పడిపోతే అసలుకే చూడలేను కదా."

నక్క మెరుపు వైపు తిరిగింది. "నువ్వేమంటావు అల్లుడూ? ఇంత జవం ఉన్నవాడివి, ఎద్దు వెనక నడుస్తావా?"

మెరుపుకు ఆ మాట చాలింది. ఆ పూటే కొత్త లాడాలు కొట్టించుకున్నాడు. మెడకు ఎర్ర పట్టెడ కట్టుకున్నాడు. గొంగళి బరువని వదిలేశాడు. తెల్లారేసరికి నక్కా గుర్రమూ దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయారు.

మైలయ్య తన దారిన బయల్దేరాడు. దేవదారు చెట్ల మధ్య మొదటి మజిలీ. అక్కడ రెండు పూటలు ఉండి, కాస్త పైకి నడిచి వచ్చి కింద పడుకున్నాడు. రెండో మజిలీలో తల దిమ్ముగా అనిపించింది. ఆకాశం తేటగా ఉంది, కాళ్లలో శక్తి ఉంది, కనుమ కూడా కనిపిస్తోంది. "వెళ్లిపోదామా" అనిపించింది. చమరమ్మకు ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆగాడు. నీళ్లు తాగి, గొంగళి కప్పుకుని, మర్నాడంతా అక్కడే మేస్తూ గడిపాడు. తల తేలికపడ్డాక, ఆకలి వేసి ఉలవలు కడుపునిండా తిన్నాకే కదిలాడు.

చెట్లు పోయాయి. ఆ తర్వాత గడ్డీ పోయి రాళ్లు మిగిలాయి. దూరాన రాళ్లతో కట్టిన ఒక పాత పాక కనిపించింది. దాని ముందు ఏదో ఎర్రగా ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే, మెరుపు మెడ పట్టెడ. మెరుపు పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు. కళ్లు సగం మూసుకుపోయాయి, మూతి చుట్టూ కక్కుకున్న నురగ. కాలి గిట్టలు ఒరుసుకుని రక్తం కారుతోంది. పక్కనే నక్క బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మెరుపూ! ఏమైందిరా?"

"మామా... తల... పగిలిపోతోంది." మాట ముద్దముద్దగా వచ్చింది. "అడ్డదారిలో ఏరు పొంగి కిందే ఆగిపోయాం... నిన్న ఒక్క పరుగున వచ్చాం... లేద్దామంటే కాళ్లు నా మాట వినడం లేదు."

"ఏం లేదు మామా," అంది నక్క. "పరుగెక్కువై అలిసిపోయాడంతే. హాయిగా పడుకుంటే రేపటికి లేస్తాడు. నేనున్నాగా. నువ్వు వెళ్లు. అదుగో కనుమ. మబ్బు పట్టిందంటే మంచు పడుతుంది, మంచు పడిందంటే దారి మూసుకుంటుంది. మీ జోడును ఇక చూడలేవు."

మైలయ్య కనుమ వైపు చూశాడు. నిజంగానే దగ్గరలో ఉంది. ఇంకొక్క గట్టి నడక. అవతల పుల్లయ్య. తర్వాత కిందికి చూశాడు. పాక చుట్టూ రాళ్ల సందుల్లో తుప్పు పట్టిన లాడాలు, చిరుగంటలు, ఒక కళ్లెం ముక్క, తెల్లగా ఎండిన ఎముకలు. ఇంతమంది ఇక్కడ పడుకున్నారు. ఇంతమందిలో ఒక్కడూ మర్నాడు లేవలేదు.

అతనికి నక్క ఎందుకు కూర్చుందో అర్థమైంది. ఎముకలు చూసినట్టు ముఖంలో కనబడనివ్వలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాడు. నక్క కూడా రొప్పుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ముందరి కాలితో నుదురు రాసుకుంటోంది. కొండ సగంలో బతికేది గుర్రంతో పాటు ఒక్క ఊపున పైకి వచ్చింది మరి!

"నువ్వన్నది నిజమే బావా," అన్నాడు మైలయ్య. "నేను వెళ్లాలనే ఉంది. కానీ వీడు మా కొట్టం పిల్లాడు. కనుమ మీద మబ్బుంటే నేనెటూ దాటలేను, వీడి దగ్గరే కూర్చుంటాను. మబ్బు లేకపోతే నీకు అప్పగించి వెళ్తాను. ఆ సంగతి ఇక్కడి నుంచి తెలియడం లేదు."

"నేను చెప్తున్నాగా, మబ్బు లేదు!"

"అవతలి వైపు? నువ్వు లెక్కలేనన్నిసార్లు దాటినవాడివి. ఒక్క పరుగు తీసి, అవతల ఆకాశం చూసి చెప్పవూ? నేను ఈ మోకాలితో పోయి రావాలంటే పొద్దు గుంకుతుంది."

నక్క తటపటాయించింది. "నాకు... ఇప్పుడా?"

"పోనీలే. నేనిక్కడే ఉంటాను. చలికాలం దాకా ఉన్నా పరవాలేదు. నా దగ్గర ఉలవలున్నాయి."

ఎద్దు అక్కడే కూర్చుంటే నక్కకు గుర్రం దక్కదు. ఎన్నడూ దాటలేదని చెబితే తన దారి చూపించే పనికే ఎసరు. నక్క పళ్లు బిగించి లేచింది. "ఇదెంత పని! కళ్లు మూసి తెరిచేలోగా వస్తా," అని రాళ్ల మీదుగా పైకి పరుగు తీసింది.

నక్క తోక రాళ్ల చాటుకు పోగానే మైలయ్య గుర్రం పక్కన కూర్చుని కొమ్ముతో నెట్టాడు.

"లే. దిగుదాం."

"నిద్దరొస్తోంది మామా... కాసేపు..."

"ఇక్కడ నిద్రపోతే ఇక లేవవు. నా వీపుకు ఆనుకో. లే!"

అతికష్టం మీద మెరుపు లేచాడు. రెండడుగులు వేసి తూలాడు. మైలయ్య వాలు వైపు తన ఒళ్లు అడ్డం పెట్టి, గొంగళి అతనికి కప్పి, మెడ కింద తన మూపు పెట్టి నడిపించాడు. వంకర టింకరగా, అడ్డంగా. మోకాలు సలిపింది. మెరుపు ఒకచోట కూలబడి ఏడ్చాడు. "వదిలెయ్ మామా, నువ్వు పో." మైలయ్య బెల్లం ముక్క అతని నోట్లో పెట్టి, కొమ్ముతో మళ్లీ లేపాడు.

గడ్డి మొదలయ్యే చోటికి వచ్చేసరికి మెరుపు కళ్లు తెరుచుకున్నాయి. చెట్ల నీడకు చేరేసరికి తనంత తాను నిలబడి, నీళ్లు అడిగి తాగాడు.

"తల?" అన్నాడు మైలయ్య.

"ఉంది. కానీ పగలడం లేదు." తల వంచుకుని అన్నాడు. "నా మూలంగా కనుమ దాకా వచ్చి వెనక్కి దిగావు."

"కనుమ ఎక్కడికీ పోదురా. పోయేవాళ్లం మనమే."

అలా అన్నాడు గానీ మైలయ్య చూపు పైనే ఉంది. శిఖరాల మీద మబ్బు చేరుతోంది.

మర్నాడు కిందికి దిగుతున్న కొండ మేకలు కనిపిస్తే, మెరుపును వాళ్లకు అప్పగించి పల్లెకు పంపించాడు. తాను మళ్లీ పైకి తిరిగాడు. ఈసారి ఒళ్లు ఆ గాలిని గుర్తుపట్టింది. తల దిమ్ము లేదు, ఊపిరి కొరత లేదు. అయినా నడక వేగం పెంచలేదు.

పాత పాకకు కాస్త కింద నక్క ఎదురైంది. నడవడం లేదు, వాలులో జారుతోంది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏం బావా, అవతల ఆకాశం ఎలా ఉంది?"

"ఏ అవతల?" అని మూలిగింది నక్క. "సగం దాకా పోయేసరికి బుర్రలో సమ్మెట దెబ్బలు మొదలయ్యాయి. ఒక రాతి కింద పడి పొర్లాను. దిగొచ్చి చూస్తే నువ్వూ లేవు, గుర్రమూ లేదు! నన్ను మోసం చేశావు మామా."

"లెక్కలేనన్నిసార్లు దాటానన్నావు, నమ్మాను. అందులో మోసమేముంది?"

నక్క నుదురు రాసుకుంది. "కాసేపు ఇక్కడ పడుకుంటాను," అని కూలబడబోయింది.

"పడుకోకు. దిగు," అన్నాడు మైలయ్య. "చెట్ల దాకా దిగితే బతుకుతావు. నువ్వు ఎవరికీ చెప్పని మాట ఇది. నేను నీకు చెప్తున్నాను."

నక్క ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, తోక నేలకీడ్చుకుంటూ దిగిపోయింది.

మబ్బు కిందికి దిగేలోపే మైలయ్య గాలికనుమ మీద నిలబడ్డాడు. అవతల వాలు పాదంలో పచ్చటి నీళ్ల చెరువు, దాని చుట్టూ ఎండిన గడ్డి, నల్లటి చుక్కల్లా మేస్తున్న మంద. అందులో ఒకే ఒక్క ఎర్రటి చుక్క. ఆ చుక్క ముందు కదలలేదు. మైలయ్య సగం దిగి గట్టిగా ఒక్క రంకె వేశాడు. అప్పుడు కదిలింది. ముసలి నడకతో, ఆగి ఆగి, ఎదురు వచ్చింది.

పుల్లయ్యకు జుట్టు పెరిగిపోయింది, డొక్కలు తేలాయి. దగ్గరికి వచ్చి మైలయ్య మెడ వాసన చూశాడు. కాడి రాసుకుని కాయ కాసిన చోట నాలుకతో నాకాడు.

"ఆలస్యమైందేం?" అన్నాడు.

"దారిలో ఒకడికి ఒంట్లో బాగాలేకపోతే దింపి వచ్చాను."

"బాగున్నాడా?"

"బాగున్నాడు."

"అయితే సరే. గడ్డి తిను, ఇక్కడిది రుచిగా ఉంటుంది," అన్నాడు పుల్లయ్య. ఆ పూట ఇద్దరూ పక్కపక్కనే మేశారు. తర్వాత మంచు పడి కనుమ మూసుకుంది. మైలయ్య ఆ చలికాలమంతా అక్కడే, పుల్లయ్యకు గాలి తగలకుండా తాను అడ్డంగా పడుకుని గడిపాడు.

మళ్లీ దారి తెరుచుకున్నప్పుడు నక్క పల్లె పొలిమేరలో నిలబడి కొత్తవాళ్లను పిలవడం మొదలుపెట్టింది. "అడ్డదారి! మజిలీలు లేవు! గాలికనుమ లెక్కలేనన్నిసార్లు దాటాను!" ఒక జంట కంచర గాడిదలు ఆగి వింటున్నాయి. జడల బర్రెల నోట అవతలి సంగతులన్నీ విని, ఇసుక మూట వీపున వేసుకుని గుట్ట దిగి వస్తున్న మెరుపు వాళ్ల పక్కన ఆగాడు.

"తప్పకుండా వెళ్లండి," అన్నాడు. "ముందు ఒక్కటి అడగండి. కనుమ అవతల చెరువు నీళ్లు ఏ రంగో చెప్పమనండి."

గాడిదలు నక్క వైపు తిరిగాయి. నక్క తోక విదిలించింది. "నీళ్లకు రంగేమిటి?" అంది చివరికి. గాడిదలు మెరుపు వెనకే గుట్ట వైపు నడిచాయి. ఆ వేసవంతా నక్క ఎలుకలు పట్టుకుని బతకాల్సి వచ్చింది, అవీ ఎప్పుడో గానీ దొరకలేదు.

నీతి: పైకి తీసుకెళ్తానని ఊరించేవాడి వెంట కాదు, ఎప్పుడు కిందికి దిగాలో ముందే చెప్పేవాడి వెంట కొండ ఎక్కాలి.